గోల్కొండ పడిపోకపోతే అక్కడి భాషని ఏమనాలి?

కృష్ణాతీరం:
నవల రాస్తున్నాను. 1687లో ఔరంగజేబు ముట్టడి విఫలమై గోల్కొండ నిలబడిందన్నది నా ఊహ. కథాకాలం 1900 ప్రాంతం. అప్పటికి తెలుగు, దక్కనీ (దక్కన్‌లో మాట్లాడే పాత ఉర్దూ) కలగలిసిపోయి దర్బారులోనూ బజారులోనూ ఒకే భాష నడుస్తుంటుంది. దానికి 'గోల్కొండీ' అని పేరు పెట్టాను. చదివిన స్నేహితులు అతకలేదంటున్నారు. మీరేమంటారు?

పాతబస్తీ:
గోల్కొండ కోట పేరండీ. భాషలకి ప్రాంతాల పేర్లు వస్తాయి, గుజరాతీ, కొంకణీ లాగా. ఫార్సీ చరిత్రకారులు ఈ నేలని తిలంగ్ అన్నారు. 'తిలంగీ' అనండి, నోరు తిరుగుతుంది.

నల్లగొండ_మిత్ర:
పేరు సంగతి తర్వాత. ముందు క్రియలు ఏ భాషవో తేల్చండి. "దవాఖానకు జల్ది పోవాలె, అమ్మ పరేషాన్ల ఉన్నది." మా ఇంట్లో ఇట్లనే మాట్లాడుకుంటాం. దవాఖాన, జల్ది, పరేషాన్ మూడూ ఉర్దూ నుంచి వచ్చినవే. అయినా మా నాయనమ్మని ఏ భాష అని అడిగితే తెలుగనే చెప్తది, ఎందుకంటే 'పోవాలె', 'ఉన్నది' తెలుగు. ఎన్ని మాటలు అరువు తెచ్చుకున్నా జనం తమ భాష పేరు మార్చుకోరు. మీ పాత్రల నోట కూడా 'తెలుగు' అనే రావాలి.

చార్మినార్_చదువరి:
నేను ఒప్పుకోను. క్రియలని బట్టే పేరొస్తే హిందీకీ ఉర్దూకీ రెండు పేర్లు ఎందుకున్నట్టు? ఉర్దూ అన్న పేరు భాషకి స్థిరపడింది 18వ శతాబ్దం చివర్లోనే, అంతకుముందు హిందవీ, రేఖ్తా అనేవారు. మలయ్‌ని 'బహాసా ఇండోనేషియా' అని 1928లో యువజన సభ ప్రకటించేనాటికి ఆ దేశమే ఏర్పడలేదు. పేరు పెట్టేది అధికారంలో ఉన్నవాళ్లు, లేదా దానికోసం కొట్లాడేవాళ్లు. గోల్కొండ 1900 దాకా బతికి ఉంటే బడి పుస్తకం మీద ఏదో ఒక పేరు అచ్చేసి తీరుతుంది.

నల్లగొండ_మిత్ర:
అచ్చేయనివ్వండి. కానీ ఆ దర్బారు తెలుగు పేరుని ఎందుకు వదులుకుంటుంది? కుతుబ్‌షాహీల ఫర్మానాలు ఫార్సీతో పాటు తెలుగులోనూ వచ్చాయి. ఇబ్రహీం కుతుబ్ షాని మన కవులు మల్కిభరాముడని పిలుచుకున్నారు. పొన్నికంటి తెలగన తన అచ్చ తెలుగు కావ్యాన్ని అంకితమిచ్చింది గోల్కొండ సర్దారు అమీన్ ఖాన్‌కే!

ఇంకో మాట. తెలుగునే తమిళులు వడుగు అన్నారు, మద్రాసు ఇంగ్లీషువాళ్లు జెంటూ అన్నారు. నిజం చరిత్రలోనే ఇన్ని పేర్లుంటే ఊహా చరిత్రలో ఒక్కటే ఎందుకు? సర్కారు కాగితంలో తిలంగీ, మచిలీపట్నం రేవులో జెంటూ, ఇంట్లో తెలుగు అని రాయండి. పండితుడైతే సంకరాంధ్రమని ఈసడించుకుంటాడు. ఎవరు ఏ పేరు వాడుతున్నారో చూస్తే చాలు, ఆ మనిషి ఎటువైపో పాఠకుడికి తెలిసిపోతుంది. గోల్కొండీ అన్న ఒక్క పేరుతో ఆ పని జరగదు.

కృష్ణాతీరం:
బాగుంది. కానీ కథ చెప్పే గొంతు ఏమనాలి? పేజీకి నాలుగు పేర్లొస్తే చదివేవాళ్లు తికమకపడరా?

పాతబస్తీ:
కథ ఎవరు చెప్తున్నారు? దర్బారు మున్షీ అయితే తిలంగీ అంటాడు, మచిలీపట్నం కలంకారీ అద్దకందారు అయితే తెలుగంటాడు. ముందు ఆ మనిషిని తేల్చుకోండి.