అప్‌డేట్: అమ్మతో, పాపతో ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లొచ్చాం

మోకాళ్ల నొప్పులున్న అమ్మ, ఐదేళ్ల పాపతో భీమిలి దగ్గరి ఎర్రమట్టి దిబ్బల్లో నడవగలమా అని అడిగాను కదా, మొన్న ఆదివారం వెళ్లొచ్చాం, సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. బాగా పనికొచ్చింది పొద్దున్నే ఆరింటికల్లా చేరి, దిబ్బలెక్కకుండా వాననీళ్లు కోసిన గెడ్డల (లోతైన వాగు దారుల) అడుగునే నడవమన్న సలహా. అమ్మ చేతికర్రతో గంటసేపు హాయిగా నడిచింది. ట్రెక్కింగ్ బూట్ల అవసరమే పడలేదు. గెడ్డ పక్కనున్న మట్టిగోడమీద చెయ్యి పెడితే ఎర్రటి పొడి రాలింది, ఇసుక రేణువులకు ఐరన్ ఆక్సైడ్ పట్టడం వల్లే ఆ రంగు అని చెబితే పాప గుప్పెడు పట్టుకుని చాలాసేపు చూసింది. అంచులు మాత్రం ఎక్కొద్దు, కాలి కింద విరిగిపోతాయి. ఎనిమిదిన్నరకే ఎండ మండిపోయింది, మనిషికో లీటరు నీళ్లు సరిపోలేదు. లోపల దారులన్నీ ఒకేలా ఉన్నాయి, మా అడుగులు చూసుకుంటూనే వెనక్కొచ్చాం.