పడుకునే ముందు చదివే పుస్తకంలో స్నేహితుడు చనిపోతే: ఆ అధ్యాయం చదవాలా, దాటేయాలా?

గోరింటాకు
మా పాపకి ఏడేళ్ళు. కొన్నాళ్ళుగా రాత్రి పడుకునే ముందు ‘రైలుబడి’ చదివి వినిపిస్తున్నాను. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు: జపాన్‌లో నటిగా, టీవీ యాంకర్‌గా పేరున్న తెత్సుకో కురొయానాగి తన చిన్ననాటి బడి గురించి రాసిన ‘తొత్తోచాన్’కి ఇది తెలుగు. ఒకటో తరగతిలోనే బడి నుంచి పంపించేసిన పిల్లని వాళ్ళమ్మ ఇంకో బడిలో చేరుస్తుంది. అక్కడ పాత రైలుపెట్టెలే తరగతి గదులు. హెడ్మాస్టరు కొబయాషి మొదటిరోజే ఆ పిల్లని కూర్చోబెట్టుకుని నాలుగు గంటలు కబుర్లు వింటాడు. లంచ్ బాక్సులో కొండ నుంచి ఒకటి, సముద్రం నుంచి ఒకటి ఉండాలంటాడు. అప్పట్నుంచి మా ఇంట్లో పెరుగన్నం కట్టినా "ఇందులో సముద్రం నుంచి ఏముంది?" అని నిలదీత. ఉప్పు అని చెప్పి బయటపడుతున్నాను.

ఇక అసలు సంగతి. తొత్తోచాన్‌కి యాసువాకి అని పోలియో వచ్చిన స్నేహితుడు ఉంటాడు. ఎన్నడూ చెట్టెక్కని ఆ పిల్లాడిని నిచ్చెన తెచ్చి, లాగి, తోసి, చెమటలు కక్కుతూ తన చెట్టు మీదికి ఎక్కిస్తుంది. ఆ అధ్యాయం మా పాప నాచేత మళ్ళీ మళ్ళీ చదివించుకుంది. పుస్తకం చివరికొచ్చేసరికి ఆ పిల్లాడు చనిపోతాడు. తొందర్లోనే అక్కడికి వస్తాం. దాటేయమని మా ఆయన. మా అత్తయ్యగారైతే "పడుకోబోయే పిల్లకి చావు కబుర్లేంటమ్మా" అనేశారు. మీరైతే ఏం చేస్తారు?

రావిచెట్టు అరుగు
దాటేయండి. మీ అత్తగారి మాటే నా మాట. చావు గురించి తెలుసుకోవడానికి పిల్లకి ముందు బోలెడంత జీవితం ఉంది. ఏడేళ్ళప్పుడే హడావుడిగా చెప్పేయాల్సినంత కొంపలేం మునిగాయి?

ఇంకో మాట. అది పిల్లల కోసం రాసిన పుస్తకమే కాదు. 1979, 80లలో జపాన్‌లో ఆడవాళ్ళ పత్రికలో ధారావాహికగా వచ్చి, 1981లో పుస్తకమైంది. పెద్దయిన మనిషి పెద్దవాళ్ళకి చెప్పుకున్న జ్ఞాపకాలు అవి. పిల్లల బొమ్మ అట్ట మీద ఉంది కదా అని ప్రతి పేజీ పిల్లలకి పనికొస్తుందనుకోవడం మన అమాయకత్వం. హాయిగా బుడుగు చదివించండి. ఇల్లు, అమ్మానాన్న, బామ్మ, బాబాయి, పక్కింటి సీగాన పెసూనాంబ. కుటుంబం, స్నేహం అన్నీ అందులోనే ఉన్నాయి, ఎవరూ చావరు.

పాత అట్ట
రావిచెట్టుగారూ, బుడుగు మాత్రం పిల్లల పత్రికలో వచ్చిందా? 1950ల్లో ఆంధ్ర పత్రిక వీక్లీలో వచ్చింది. దాన్ని విరగబడి చదివిందీ, నవ్విందీ పెద్దవాళ్ళే. పిల్లల గురించి పెద్దల కోసం రాసిన పుస్తకమని దాని మీదా ఎప్పట్నుంచో వాదన ఉంది. మీ లెక్కన బుడుగునీ పైన అటక మీద పెట్టాలి.

గోరింటాకుగారూ, మీరు ఇప్పటికే చావు చదివి వినిపించారు, గుర్తుందా? కోడిపిల్లల అధ్యాయం. తొత్తోచాన్ ఏడ్చి మారాం చేసి కోడిపిల్లలు కొనిపించుకుంటుంది. అవి ఎన్నాళ్ళో బతకవని అమ్మానాన్నా ముందే చెబుతారు. వినదు. కొద్దిరోజులకే ఒకటి, తర్వాత రెండోది పోతాయి. ఆ తర్వాత యాసువాకి. ఆపైన తనతో పెరిగిన కుక్క రాకీ కనబడకుండా పోతుంది. రచయిత్రి ఒక్కసారిగా గుండె మీద గుద్దలేదు, మెట్టు మెట్టుగా తీసుకెళ్ళింది. మధ్యలో ఒక మెట్టు పీకేస్తే పిల్ల పడకుండా ఉంటుందా?

పైగా దాటేశాక ఏం చెబుతారు? చెట్టు మీద కూర్చుని అమెరికాలో టీవీ అనే పెట్టె ఉందట అని చెప్పిన పిల్లాడు ఆ తర్వాత పేజీల్లో ఎక్కడా ఉండడు. "యాసువాకి ఏడమ్మా?" అని అడుగుతుంది. ఏడేళ్ళ పిల్లలు ఇలాంటివి వదలరు. ఊరెళ్ళాడని చెబుతారా?

రావిచెట్టు అరుగు
కోడిపిల్లా, తోటి పిల్లాడూ ఒకటేనా సార్? మా ఇళ్ళల్లో ఆదివారం కోడిని కోసి వండుకుంటాం, పిల్లలు చూస్తూనే ఉంటారు. అది వేరు. తన వయసు పిల్లాడు, నిన్నటిదాకా తనతో చెట్టెక్కినవాడు చచ్చిపోవడం వేరు. "మరి నేను?" అన్న ప్రశ్న రెండోదానికే వస్తుంది. ఆ ప్రశ్న రాత్రి తొమ్మిదిన్నరకి వస్తే ఆ తల్లి ఏం చెప్పాలి?

మన పెద్దవాళ్ళకి ఇది తెలుసు. మన కథల్లో చావు ఉంది, కాదనను. కానీ పిల్లాడిని చావు దాకా తీసుకెళ్ళి వెనక్కి తెస్తారు. మార్కండేయుడు బతుకుతాడు. లోహితాస్యుడు పాము కరిచి పోయినా మళ్ళీ లేస్తాడు. పులి నోటిదాకా వెళ్ళిన ఆవు దూడ దగ్గరికి తిరిగొస్తుంది. భయం పుట్టించి, ఆ భయాన్ని కథలోనే తీర్చేశారు. ఈ జపాన్ పుస్తకం తీర్చదు.

పెసరట్టు ఉప్మా
ఆవు-పులి కథ తెచ్చారు కాబట్టి. అది భోజరాజీయంలో అనంతామాత్యుడు రాసిన ఘట్టం. కథ సుఖాంతమే, ఒప్పుకుంటా. కానీ మా నాయనమ్మ చెప్పినప్పుడు మేం ఏడ్చింది పులి దగ్గర కాదు. ఆవు కొట్టానికొచ్చి దూడకి ఆఖరిసారి పాలిచ్చి, నేను లేకపోయినా ఇలా ఉండు, తోటి దూడలతో ఇలా మెలుగు, కొత్త చోట మేతకి తొందరపడకు అని ఒక్కొక్కటే చెబుతుంది చూడండి, అక్కడ. తల్లి లేకుండా పిల్ల ఎలా బతకాలో చెప్పే జాబితా అది. చివర్లో పులి వదిలేసిందన్నది తర్వాతి మాట. ఆ ఏడుపు పిల్లలకి అక్కర్లేదని మన పెద్దవాళ్ళు ఆ ముక్క దాటేశారా?

అభిమన్యుడు తిరిగి రాడు. ఆ సంగతీ చూడండి.

పిల్లల వార్డు
డ్యూటీ మధ్యలో రాస్తున్నా, క్లుప్తంగా. 1948లో మారియా నాగీ అనే పరిశోధకురాలు బుడాపెస్ట్ పిల్లల మాటల్ని బట్టి ఒక వరస చెప్పింది. ఐదేళ్ళలోపు పిల్లలకి చావంటే ఎక్కడికో వెళ్ళడం, మళ్ళీ రావచ్చు. ఐదు నుంచి తొమ్మిది మధ్య దాన్ని ఎవరో వచ్చి పట్టుకుపోవడంగా ఊహించుకుంటారు, తప్పించుకోవచ్చనీ అనుకుంటారు. తొమ్మిది దాటాకే అది అందరికీ వస్తుందని తెలుస్తుంది. తర్వాతివాళ్ళ పరిశీలనల్లో చాలామంది పిల్లలకి ఇంకా ముందే, ఐదు-ఏడు మధ్యే, పోయినవాళ్ళు తిరిగి రారన్న సంగతి అర్థమవుతోందని తేలింది.

కాబట్టి మీ పాపకి అసలు తెలియదనుకోకండి. సగం తెలిసి ఉంటుంది. ఒక్కటి మాత్రం చేయకండి: "నిద్రపోయాడు" అని చెప్పకండి. అలా విన్న పిల్లలు పడుకోవడానికే భయపడటం మేం చూస్తుంటాం.

వానపాము
అన్నం తినేటప్పుడు ఫోన్లో తుపాకీ ఆట ఆడి నిమిషానికి నలుగుర్ని చంపే పిల్లలకి పుస్తకంలో ఒక్క చావు ఎక్కువైపోయిందా 😄

రావిచెట్టు అరుగు
వానపాముగారూ, ఆ ఆటలో చచ్చేవాడికి పేరు లేదు, వాడు ఎవరికీ స్నేహితుడు కాదు. అందుకే అది తగలదు. ఇది తగులుతుంది. నా వాదనే అది.

లైబ్రరీ పీరియడ్
ప్రభుత్వ బడిలో తెలుగు టీచర్ని. ఇదే పుస్తకం మా బీరువాలో ఉంది, కుట్టు ఊడిపోతే గోధుమపిండి జిగురుతో అతికించాం. కోవిడ్‌లో నాన్న పోయిన అమ్మాయి ఒకతె ఆరో తరగతిలో ఉండేది. పుస్తకం తీసుకెళ్ళి ఎంతకీ తిరిగివ్వదు. ఒకరోజు చూస్తే, మొత్తం పుస్తకం చదవడం లేదు, యాసువాకి చనిపోయిన అధ్యాయం ఒక్కటే చదువుతోంది. పిల్లలందరికీ తలొక తెల్లపువ్వు ఇస్తారు, తొత్తోచాన్ ఆ పువ్వు అతని చేతిలో పెడుతుంది, తన చేతి కన్నా అతని చెయ్యి తెల్లగా, వేళ్ళు పెద్దవాళ్ళ వేళ్ళంత పొడుగ్గా ఉన్నాయనుకుంటుంది. ఆ పేజీ దగ్గర మూల మడిచి ఉంది. ఏమ్మా అంటే, "మా నాన్నని మాకు చూడనియ్యలేదు టీచర్" అంది. అంతకుమించి నేనేం అడగలేదు.

ఆ అధ్యాయం లేని పుస్తకం ఆ పిల్లకి ఎందుకూ పనికొచ్చేది కాదు. మా బీరువాలో నీతికథల పుస్తకాలకి కొదవ లేదు. అన్నిట్లోనూ చివర ‘నీతి’ అని గళ్ళు కట్టి ఉంటుంది. ఆమె వాటి జోలికే పోలేదు.

రావిచెట్టు అరుగు
టీచర్‌గారూ, మీరు రాసింది చదివి కాసేపు ఏమీ తోచలేదు. అయినా ఇది నా వాదనకే బలం. ఆ పిల్ల ఆ పేజీని తనంతట తాను వెతుక్కుంది. ఎప్పుడు తెరవాలో, ఎప్పుడు మూయాలో తన చేతిలో ఉంది. అమ్మ గొంతుతో చదివి వినిపిస్తుంటే ఏడేళ్ళ పిల్ల పుస్తకం మూసెయ్యలేదు. తనకి ఏం జరగబోతోందో తెలియదు, అమ్మకి మాత్రం తెలుసు. మనం మాట్లాడాల్సింది ఈ తేడా గురించి. సాహిత్యం గొప్పదా కాదా అన్నది నేను అడగడం లేదు.

పిల్లల్ని గట్టిపరచాలి అనే పేరుతో మన అభిరుచుల్ని వాళ్ళ మీద రుద్దుతున్నామేమో కూడా చూసుకోండి. ఏడ్చిన పిల్లని చూసి "మా పాప ఎంత సున్నితమో" అని మురిసిపోయే తల్లిదండ్రుల్ని నేనెరుగుదును.

రెండో అమ్మ
చర్చ పక్కదారి పట్టిస్తున్నానని తిట్టకండి. చావు గురించి ఇంత ఆలోచిస్తున్నారు, సవతి తల్లి గురించి ఎవరూ ఆలోచించరేం? నేను చేసుకున్నాయనకి అప్పటికే ఐదేళ్ళ బాబు. వాడికి కథల పుస్తకాలు కొని తెస్తే ప్రతి మూడోదాంట్లో సవతి తల్లి అన్నం పెట్టదు, అడవికి పంపిస్తుంది, బావిలో తోస్తుంది. ధ్రువుడి కథ మొదలుపెట్టాను, సురుచి వాడిని తండ్రి ఒళ్ళోంచి దించేసే చోట బాబు నా మొహం వంకే చూస్తున్నాడు. అక్కడ నేను ఆపలేదు. "అలా చేయడం తప్పు కదూ" అన్నాను. "నువ్వు దించవుగా" అన్నాడు. మా ఇద్దరికీ ఆ సంభాషణ ఎప్పుడో ఒకప్పుడు కావాలి, కథ వల్ల తొందరగా వచ్చింది.

నేనైతే చదివేస్తాను. కానీ రావిచెట్టుగారు చెప్పిన ‘పిల్ల పుస్తకం మూసెయ్యలేదు’ అన్న మాట నాకు గుచ్చుకుంది.

మంచు చినుకు
టెక్సాస్ నుంచి. ఇక్కడ బళ్ళలో ‘షార్లట్స్ వెబ్’ టీచర్లే క్లాసులో చదివి వినిపిస్తారు. 1952 నాటి పుస్తకం. పందిపిల్లని కాపాడిన సాలీడు చివర్లో ఒంటరిగా చనిపోతుంది. రచయిత ఇ.బి. వైట్ పెద్దయ్యాక తనే ఆడియో రికార్డు చేస్తూ ఆ చోటు దగ్గర గొంతు పూడుకుపోయి 17 టేకులు తీసుకున్నాడని రికార్డు చేసినాయన చెప్పాడు. మా అబ్బాయి క్లాసులో అందరూ కలిసి ఏడ్చి ఇంటికొచ్చారు. ఒక్క తల్లీ ఫిర్యాదు చేసినట్టు వినలేదు.

నా బాధ వేరే. మావాడు ఇంగ్లీషులో ఏడ్చాడు. తెలుగులో నేను వాడికి వినిపించేవన్నీ తెనాలి రామలింగడు, పరమానందయ్య శిష్యులు, బుడుగు. అన్నీ నవ్వులే. మొన్న మా నాన్నగారు పోయారు. వీడియో కాల్లో మా అమ్మ ఏడుస్తుంటే వీడు ఫోన్ పట్టుకుని నిలబడిపోయాడు. "అమ్మమ్మతో ఏమని చెప్పాలి, నాకు తెలుగులో రాదు" అన్నాడు. వాడికి తెలుగు వచ్చు. జోకు చెప్పడానికి వచ్చు, దోసె అడగడానికి వచ్చు. దుఃఖం గురించి ఒక్క వాక్యం కూడా మా ఇంట్లో తెలుగులో వినలేదు, అంతే. కాబట్టి గోరింటాకుగారూ, మీ చేతిలో తెలుగులో అలాంటి అధ్యాయం ఉంటే దయచేసి దాటేయకండి.

పెసరట్టు ఉప్మా
👆 దీనికి నా దగ్గర జవాబు లేదు.

రావిచెట్టు అరుగు
నా దగ్గర ఉంది. మీ అబ్బాయికి ఆ మాటలు నేర్పాల్సింది పుస్తకం కాదు, మీ నాన్నగారి గురించి మీరు. తాతయ్య ఇలా ఉండేవాడు, ఇలా పోయాడు, నాకు ఇలా ఉంది అని మీరు చెబితే వాడికి తెలుగులో దుఃఖం వస్తుంది. ఇంట్లో పెద్దవాళ్ళు మాట్లాడకుండా ఆ పని కథకి అప్పజెప్పడం నాకు నచ్చదు.

మంచు చినుకు
చెప్పబోతే నాకే గొంతు రావడం లేదండీ. అందుకే పుస్తకం కావాలంటున్నా. వేరేవాళ్ళ వాక్యమైతే కనీసం చదవగలను.

పాత అట్ట
రావిచెట్టుగారూ, ‘మూసెయ్యలేదు’ అన్న అభ్యంతరం న్యాయమైనది. దానికి మందు కత్తిరింపు కాదు. ఆదివారం పొద్దున చదవండి. "ఈ రోజుది బాధగా ఉంటుంది, చదవనా, రేపు చదవనా?" అని ముందే అడగండి. అప్పుడు మూసే హక్కు పిల్లకి ఇచ్చినట్టేగా? చదివాక వంట గదిలోకి పరిగెత్తకుండా కాసేపు అక్కడే కూర్చోండి.

ఇంకో చిక్కు ఎవరూ ఎత్తలేదు. యాసువాకిని దాటేస్తే చివరి అధ్యాయాలేం చేస్తారు? యుద్ధం వస్తుంది. 1945లో విమానాల బాంబులకి ఆ బడి, ఆ రైలుపెట్టెలు కాలిపోతాయి. హెడ్మాస్టరు ఆ మంటలు చూస్తూ, ఈసారి ఎలాంటి బడి కడదాం అని కొడుకుని అడుగుతాడు. వాళ్ళ పుస్తకంలో అది నిజంగా జరిగింది, కల్పన కాదు. దాన్నీ కోసేస్తే మిగిలేది రైలుపెట్టెల్లో పిక్నిక్.

రావిచెట్టు అరుగు
నేను పుస్తకం చదవలేదనుకుంటున్నారు అందరూ. చదివాను. వయొలిన్ వాయించే నాన్న అధ్యాయం మా పెద్దవాడికి నేనే చదివి వినిపించాను. ఇంట్లో తిండికి కటకటగా ఉన్నా, ఆయుధాల ఫ్యాక్టరీలో సైనిక గీతాలు వాయిస్తే బియ్యం, చక్కెర ఇస్తామన్నా ఆయన తన వయొలిన్ మీద అవి వాయించనంటాడు. అలాంటివి ఎన్నైనా చదవండి. మావాడికి అప్పుడు పదకొండేళ్ళు. ఏడేళ్ళకీ పదకొండేళ్ళకీ తేడా ఉంది. ముందే అడిగి, పగటిపూట చదవడం అన్నారు చూడండి, అది నాకు కాస్త నయంగా ఉంది. కానీ "రేపు" అని పిల్ల ప్రతిసారీ అంటే, ఆ రేపుని గౌరవించాలి. వారం తర్వాత నచ్చజెప్పి చదివేయడం కాదు.

గోరింటాకు
పగలు, ముందే అడిగి. ఇది చేస్తాను. వద్దంటే ఆపేస్తాను, పుస్తకం మాత్రం తనకి అందే అరలోనే ఉంచుతాను.

వానపాము
ఇంతకీ ఈ రైలుబడి ఇప్పుడు ఎక్కడ దొరుకుతుందో ఎవరైనా చెప్తారా? పుస్తకాల షాపులో అడిగితే రైల్వే ఉద్యోగాల గైడు తీసిచ్చాడు.