అర్జునుడి మోహం నిజంగా పోయిందా?

గోదారిగట్టు:
గీత చివర్లో, 18వ అధ్యాయం 73వ శ్లోకంలో "నష్టో మోహః స్మృతిర్లబ్ధా" అంటాడు అర్జునుడు. మోహం పోయింది, స్మృతి వచ్చింది అని. మరి అదే మనిషి యుద్ధమయ్యాక అశ్వమేధ పర్వంలో, కృష్ణుడు ద్వారకకి బయల్దేరేముందు, అప్పుడు నువ్వు చెప్పిందంతా పోయింది మళ్ళీ చెప్పవా అంటాడు. అక్కడా అదే మాట, "నష్టం మే". మోహం ఎలా పోయిందో జ్ఞానమూ అలాగే పోయింది. కృష్ణుడి నోట విన్నదే నిలవకపోతే ఫోన్లో ప్రవచనాలు వినే మనకేం నిలుస్తుందండీ?

లెక్కల మాస్టారు:
మాటలు మర్చిపోవడం వేరు, జ్ఞానం పోవడం వేరు. చీకట్లో తాడుని చూసి పామనుకున్నారు, ఎవరో టార్చి వేశారు, తాడని తెలిసింది. టార్చి వేసినాయన ఏమన్నాడో మర్చిపోతే తాడు మళ్ళీ పామవుతుందా?

గోదారిగట్టు:
అయితే కృష్ణుడెందుకు నొచ్చుకున్నాడు? అప్పుడు యోగంలో ఉండి చెప్పాను, అదంతా మళ్ళీ అలాగే చెప్పడం నావల్ల కాదన్నాడే! పోనీ అదొదిలేయండి, పదమూడో రోజు అభిమన్యుడు పోతే, రేపు పొద్దు గూకేలోగా సైంధవుణ్ణి చంపకపోతే నిప్పుల్లో దూకుతానన్నాడు. గీత విని రెండు వారాలు కూడా కాలేదు. మా నాన్న ఇరవై ఏళ్ళు రామాలయంలో గీత చెప్పారు, రెండడుగుల పొలం గట్టు కోసం బాబాయితో చచ్చేదాకా మాట్లాడలేదు. దినాలకి బాబాయి వచ్చి గుమ్మం బయటే నిలబడిపోయాడు.

శ్రవణం:
అందుకే అద్వైత గురువు విద్యారణ్యులు జ్ఞానంతో పాటు వాసనాక్షయం (పాత సంస్కారాలు తొలగిపోవడం), మనోనాశం (మనసు అణగిపోవడం) కూడా కావాలన్నారు.

లెక్కల మాస్టారు:
గట్టు గారూ, స్మృతి అంటే జ్ఞాపకశక్తి కాదు, ఆత్మతత్త్వం గురించిన స్మృతి అని శంకరభాష్యంలోనే ఉంది. మీ నాన్నగారికి శ్లోకాలు కంఠతా వచ్చాయి, అంతే. పండితుడు శోకించడు, 2వ అధ్యాయం 11వ శ్లోకం చూడండి.

గోదారిగట్టు:
మా నాన్న జోలికి రావద్దు. ఆయనేంటో మీకేం తెలుసు?

తులసికోట:
మాస్టారూ, మా తమ్ముడు పోయిన మూడో రోజు అమ్మ వాడి చెప్పులు కొంగుతో తుడుస్తూ ఏడుస్తుంటే బంధువుల్లో ఒక పెద్దాయన మీరు చెప్పిన ఆ శ్లోకమే చదివి, ఆత్మకి చావు లేదమ్మా ఊరుకో అన్నారు. ఊరుకుంది. ఏడుపుతో పాటు మాటా మానేసింది, ఏడాది పైన. అర్జునుడు తన మోహమేంటో తనే చెప్పుకున్నాడు, "ధర్మసమ్మూఢచేతాః" అని, ఏది ధర్మమో తోచట్లేదని. కొడుకు పోయినప్పుడు ఏడ్చాడు, కానీ గాండీవం కింద పడెయ్యలేదు, తెల్లారి యుద్ధానికి వెళ్ళాడు. ఏడుపునంతా మోహం ఖాతాలో రాసేస్తే ఎలాగండీ?

లెక్కల మాస్టారు:
అమ్మా, మా ఆవిడ పోయినప్పుడు నేను ఏడవలేదు. ఏడిస్తే చదివిందంతా వృథా అవుతుందని బిగబట్టుకున్నాను. శ్లోకం అర్థం విషయంలో నా మాట మారదు. మీ అమ్మగారు ఇప్పుడు ఎలా ఉన్నారు?

తులసికోట:
మాట్లాడుతోందండీ. చెప్పులు మాత్రం తీయనివ్వదు.

గోదారిగట్టు:
అంతా బాగానే ఉంది, మరి మర్చిపోయానన్నాడుగా, దానికి జవాబేది?