పదేళ్లుగా కదలని రాజ్‌దూత్ 350: స్టార్ట్ చేసే ముందు ఏ వరసలో చూడాలి?

కిమిడి కుర్రోడు (పర్లాకిమిడి):

అందరికీ నమస్కారం. 87 మోడల్ రాజ్‌దూత్ 350, ఎల్.టి. (లో టార్క్ మోడల్), రెండు సిలిండర్ల టూస్ట్రోక్. పదేళ్ల పైనే వసారాలో టార్పాలిన్ కింద ఉండిపోయింది. కిక్ సగం దాకా దిగి అక్కడే ఆగిపోతోంది. న్యూట్రల్లో వెనక చక్రం బాగానే తిరుగుతోంది. ట్యాంకు అడుగున గోధుమరంగు జిగురు, మూత చుట్టూ తుప్పు. గేర్ ఆయిల్ విప్పితే పాలు కలిపిన కాఫీలా వచ్చింది. బ్యాటరీ లేదు, సైడ్ కవర్ కింద వైర్లు ఎలకలు కొరికేశాయి. ఇక్కడి మెకానిక్, "ప్లగ్గు హోల్లో డీజిల్ పోసి, టాప్ గేర్లో తోసేద్దాం, అదే వదుల్తుంది" అంటున్నాడు. ఒప్పుకోవచ్చా? షోరూం మెరుపులు అక్కర్లేదు. పాతపట్నం వెళ్లి రాగలిగితే చాలు.

లేతు మాస్టారు (బరంపురం):

తొయ్యొద్దు బాబూ. టూస్ట్రోక్ పిస్టన్ గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు మూతి దాని దగ్గరే ఆగాలి. తుప్పుకి అతుక్కున్న రింగుని టాప్ గేర్లో బలవంతంగా లాగితే అది విరిగి పోర్టులో (సిలిండర్ గోడలో గ్యాస్ పోయే రంధ్రంలో) చిక్కుకుంటుంది. అప్పుడు పిస్టనూ పోతుంది, సిలిండరూ గీతలు పడుతుంది.

ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో 30 మి.లీ. దాకా ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్లలో పోసే) ఆయిలూ అసిటోనూ సగం సగం కలిపి పొయ్యి. అసిటోన్ దొరక్కపోతే డీజిల్, కానీ రెండు రోజులు ఓపిక పట్టాలి. దగ్గర్లో దీపం, బీడీ వద్దు. తర్వాత హెడ్ నట్లు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా వదులు చేసి హెడ్ తియ్యి. ఏ సిలిండర్ పట్టేసిందో అప్పుడు కంటికే కనిపిస్తుంది. బ్యారెల్‌ని చెక్క పెట్టి చుట్టూ సమానంగా తట్టి లేపు. ఫిన్స్ మధ్య స్క్రూడ్రైవర్ దూర్చావంటే ఫిన్ విరిగి చేతికొస్తుంది. బ్యారెల్ లేస్తుండగానే కింద క్రాంక్‌కేసు నోట్లో గుడ్డ కుక్కు, తుప్పు రవ్వ ఒక్కటి కనెక్టింగ్ రాడ్ కింది కొసలో ఉండే బిగ్ ఎండ్ బేరింగ్‌లో పడినా మళ్లీ మొదటికొస్తావు.

బోరు (సిలిండర్ లోపలి గోడ) మీద గోరుతో గీసి చూడు. మరక ఐతే హోనింగ్‌తో పోతుంది. గోరు తగులుకుంటే గుంట పడినట్టే, బోరింగ్ (బోరుని కోసి పెద్దది చేయించడం) తప్పదు. ఓవర్‌సైజు పిస్టన్లు 0.25 మి.మీ. చొప్పున పెరుగుతాయి. పిస్టన్ కొని చేతిలో పెట్టుకున్నాకే లేతుకి వెళ్లు, దాన్ని కొలిచి బోరు కొట్టాలి గాని బోరు కొట్టాక పిస్టన్ వెతకడం కాదు. లేతు షాపుల్లో ఎక్కువమంది వదిలేసే పని ఒకటుంది. బోరింగ్ అయ్యాక పోర్టుల అంచులు కత్తిలా ఉంటాయి, వాటిని సన్నగా చాంఫర్ చెయ్యమని (ఏటవాలుగా రుద్దమని) గట్టిగా అడుగు. లేకపోతే కొత్త రింగులు తొందరగా పోతాయి. పిస్టన్ మీద బాణం సైలెన్సర్ వైపే ఉండాలి, సర్‌క్లిప్పులు కొత్తవే వాడు.

పిస్టన్ ఊడదీసినప్పుడే కనెక్టింగ్ రాడ్ చూడు. పైకీ కిందికీ లాగితే ఆట అస్సలు ఉండకూడదు. పక్కలకి స్మాల్ ఎండ్ (పై కొస) దగ్గర కొంచెం ఊగుతుంది, 2 మి.మీ. దాటితే క్రాంక్ రిపేరుకి వచ్చినట్టే.

ఇక అసలు సంగతి క్రాంక్ సీల్స్. పదేళ్లు కదలని బండిలో రబ్బరు పెదవి గట్టిపడి షాఫ్ట్‌ని పట్టదు. ఎడమ వైపు, అంటే ఆల్టర్నేటర్ వైపు, సీల్ పోతే బయటి గాలి లోపలికి లాగుతుంది, మిక్స్చర్ లీన్ (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ) అవుతుంది, ఆ వైపు పిస్టన్ వేడెక్కి పట్టేస్తుంది. కుడి వైపుది పోతే క్లచ్ వైపు గేర్ ఆయిల్ని తాగేస్తుంది, తెల్లపొగ ఆగదు. రెండు సిలిండర్ల క్రాంక్ గదుల మధ్యలో ఉన్న లాబిరింత్ సీల్ రబ్బరుది కాదు, దాని జోలికి పోకు. సీల్ అంచుకి గాడిలో కూర్చునే పట్టీ ఉంటే పొడిచి లాగినా రాదు. ఇంజన్ దించి తలకిందులు చేసి కేసు కింది సగం విప్పాల్సిందే. కేసు అడ్డంగా రెండు ముక్కలు కాబట్టి భయపడేంత పని కాదు. కాఫీరంగు ఆయిల్ చూశాక నేనైతే విప్పమనే అంటాను, నీళ్లు ఎంతకాలం లోపల నిలిచాయో ఎవరికి తెలుసు. బేరింగుల్ని పెట్రోల్‌తో కడిగి ఆరాక చేత్తో తిప్పు, గరగర వినిపిస్తే మార్చెయ్.

పొగ (రాయగడ):

మాస్టారు చెప్పింది అక్షరాలా నిజం. సీల్స్ మార్చాక నమ్మకంతో వదిలెయ్యకుండా లీక్ టెస్ట్ కూడా చెయ్యి గురూ. బీపీ మిషన్ రబ్బరు బుగ్గ, దాని మీటరూ చాలు. మీటరు 300 మి.మీ. (పాదరసం) దాకా చూపిస్తుంది, మనకి కావలసింది సుమారు 6 పీఎస్ఐ, అంటే దాదాపు అంతే. రెండు ఇన్‌టేకులూ రెండు ఎగ్జాస్టులూ ట్యూబు రబ్బరు ముక్కలతో మూసి, ప్లగ్గు హోల్ నుంచి గాలి కొట్టు. ఒక్క సిలిండర్నే మూస్తే లాబిరింత్ సందులోంచి గాలి పక్క గదిలోకి జారుతుంది, లీక్ లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది. ఆరు నిమిషాలు చూడు. నిమిషానికి 1 పీఎస్ఐ, అంటే మీటరు మీద 50 మి.మీ. కంటే ఎక్కువ పడిపోతే సబ్బునురగ రాసి ఎక్కడ బుడగొస్తోందో వెతుకు. బ్యారెల్ అడుగు గ్యాస్కెట్, ఇన్‌టేకు దగ్గర రీడ్ వాల్వ్ కూర్చునే చోటు, స్పార్క్ టైమింగ్ ఇచ్చే పాయింట్ల వెనక.

ట్యాంకుకి బాత్‌రూం యాసిడ్ పొయ్యొద్దు. తుప్పుతో పాటు రేకునీ తింటుంది, కడిగిన గంటలోనే మళ్లీ ఎర్రబడుతుంది. ట్యాంకు నిండా తెల్ల వెనిగర్ పోసి ఒక రోజు ఉంచు, గుప్పెడు నట్లు వేసి ఊపు. పారబోసి వంటసోడా నీళ్లతో కడిగి వెంటనే హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, 100 మి.లీ. 2టీ (టూస్ట్రోక్) ఆయిల్ లోపలంతా తిప్పు. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంది, అది తేమని పీల్చి అడుగున నీళ్లుగా విడిపోతుంది. మహేంద్రగిరి వర్షాకాలంలో సగం ట్యాంకుతో బండి నిలబెట్టావంటే ఇదే జరుగుతుంది. పాత పెట్రోల్ పైపూ, ఫ్లోట్ నీడిళ్లూ కూడా మార్చెయ్.

కార్బొరేటర్ పైలట్ జెట్‌ని ఇనప సూదితో పొడవకు, రంధ్రం పెద్దదవుతుంది. కరెంటు వైరులోంచి ఒక రాగి పోగు లాగి వాడు. రెండు వైపులా మెయిన్ జెట్ మీద నంబరు ఒకటేనా చూడు, ముప్పై ఏళ్లలో ఎవరు ఏది పెట్టారో. ఎయిర్ స్క్రూ పూర్తిగా మూసి ఒకటిన్నర చుట్టు వదులు. రెండు కార్బొరేటర్ల స్లైడ్లూ (థ్రాటిల్ తిప్పితే లేచే తలుపులు) ఒకే క్షణంలో లేవాలి. ఫిల్టర్ విప్పి రెండు వేళ్లు రెండు స్లైడ్ల కింద పెట్టి థ్రాటిల్ తిప్పితే తేడా వేలికే తెలుస్తుంది.

జయపురం ఘాట్:

పాయింట్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. బ్యాటరీ లేకుండా ఈ బండి స్పార్క్ ఇవ్వదు, ఆర్‌ఎక్స్ 100 అనుకుని కిక్ కొడుతూ కూర్చోవద్దు. ముందు 12 వోల్టుల బ్యాటరీ, కొరికిన వైర్లన్నీ సోల్డర్ చేసి స్లీవ్. పాయింట్ల గ్యాప్ 0.35 మి.మీ., రెండు సెట్లకీ విడివిడిగా. టైమింగ్‌కి ప్లగ్గు హోల్లో డయల్ గేజ్ పెట్టి, పిస్టన్ పైకొచ్చేముందు 1.8 నుంచి 2 మి.మీ. మధ్య పాయింట్లు తెరుచుకునేలా పెట్టు. చిన్న ఇండికేటర్ బల్బు పాయింట్ తీగకీ బాడీకీ మధ్య కట్టు, ఇగ్నిషన్ ఆన్ చేస్తే, తెరుచుకున్న క్షణాన వెలుగుతుంది. ఎడమది సరిచేస్తే కుడిది కదలొచ్చు, రెండూ మళ్లీ చూడు. నడిచాక 3000 ఆర్పీఎం దగ్గర బ్యాటరీ మీద 14 వోల్టుల చుట్టూ రావాలి. రాకపోతే ముందు కార్బన్ బ్రష్‌లు చూడు, రెగ్యులేటర్‌ని తర్వాత తిట్టుకోవచ్చు.

కిమిడి కుర్రోడు:

చాలా థ్యాంక్స్ అన్నా, మాస్టారూ. హెడ్ తీశాను. కుడి సిలిండర్ పట్టేసింది, ఎగ్జాస్ట్ పోర్టు పైన గోరు తగులుతోంది. ఎడమది శుభ్రంగానే ఉంది. కుడిదొక్కటే బోరు చేయిస్తే సరిపోతుందా? ఆయిల్ పంపు పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? పంపు తీసేసి పెట్రోల్లోనే ఆయిల్ కలిపి నడిపేవాళ్లు కూడా ఉన్నారు కదా?

లేతు మాస్టారు:

రెండూ ఒకే సైజు చేయించు. ఒకవైపు కొత్త ఓవర్‌సైజు, మరోవైపు అరిగిన స్టాండర్డ్ అంటే పిస్టన్ బరువూ కంప్రెషనూ రెండూ తేడా, వైబ్రేషన్ ఇస్తూనే ఉంటుంది.

జయపురం ఘాట్:

పంపు తీసెయ్యకు. థ్రాటిల్‌కీ ఆర్పీఎంకీ తగ్గట్టు ఆయిలిచ్చే ఏర్పాటు అది. కానీ గుడ్డిగా నమ్మకు కూడా. మొదటి ఐదు లీటర్ల పెట్రోల్లో 200 మి.లీ. 2టీ కలుపు, అంటే 25కి 1. పంపు పనిచేస్తే ఆయిల్ రెట్టింపవుతుంది, పొగొస్తుంది, ప్లగ్గు నల్లబడుతుంది, అంతకు మించి నష్టం లేదు. పంపు మీదున్న బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగల్లేని ఆయిల్ వచ్చేదాకా ఉంచు. తర్వాత ఇంజన్ స్లోలో తిరుగుతుండగా పంపు కేబుల్‌ని చేత్తో పూర్తిగా లాగి పట్టుకో. సిలిండర్లకెళ్లే సన్న పైపుల్లో గాలిబుడగ కదిలి పోతూ కనిపించాలి. ఒక పైపులో కదిలి రెండోదాన్లో కదలకపోతే అక్కడ చెక్ వాల్వ్ పట్టేసిందన్నమాట.

తర్వాత సాలూరు నుంచి సుంకి ఘాట్ మీదుగా కొరాపుట్ వైపు వచ్చే ఆలోచన ఉంటే ఇంకో మాట. పైకెక్కే కొద్దీ గాలి పలచనవుతుంది, బండి రిచ్‌గా (పెట్రోల్ ఎక్కువై) నడుస్తుంది. అది చూసి ఇక్కడ చిన్న మెయిన్ జెట్ వేసుకుని అలాగే కిందికి దిగావంటే లీన్ అయి పిస్టన్ పట్టేస్తుంది. దిగేటప్పుడు థ్రాటిల్ మూసి గేర్ బ్రేకింగ్ మీదే మైళ్లకు మైళ్లు రావద్దు, ఆయిల్ అందదు. మధ్యమధ్య క్లచ్ పట్టి ఒక్కసారి రైజ్ ఇవ్వు. దానికి తోడు ఈ బండి డ్రమ్ బ్రేకులు మొదట్నుంచీ అంతంతమాత్రమే. ముందు డ్రమ్ములో రెండు కామ్‌లూ ఒకేసారి తాకేలా లింక్ రాడ్ సరిచెయ్యి, పాత షూస్ పొరలు ఊడొచ్చేస్తాయి, కొత్తవే వెయ్. టైరు పక్కన నాలుగంకెల్లో వారం, సంవత్సరం ఉంటాయి, గాట్లు ఎంత లోతుగా కనిపించినా పదేళ్ల టైరు మీద ఘాట్ ఎక్కకు.

పొగ:

గేర్ ఆయిల్ సుమారు ఒకటిన్నర లీటరు, డబ్బా మీద జాసో ఎంఏ (బైకు తడి క్లచ్‌కి పనికొచ్చే గ్రేడు) అని ఉన్నదే, కారు ఆయిల్ పోస్తే క్లచ్ జారుతుంది. మొదటిది 100 కి.మీ. లోపే పారబొయ్యి, లోపలి నీళ్ల తేమ అప్పటికి గాని పూర్తిగా రాదు. ఆర్.సి. 15 ఏళ్లు దాటింది కాబట్టి ఫారం 25 మీద రెన్యువల్, ఐదేళ్లకి ఇస్తారు. 87 నాటికి గజపతి జిల్లా లేదు, 1992లోనే గంజాం నుంచి విడిపోయింది, అందుకని పాత రికార్డు గంజాం వైపు వెతకాల్సి రావచ్చు. ఇన్‌స్పెక్షన్‌కి ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ అడుగుతారు. హ్యాండిల్ తిరిగే స్టీరింగ్ హెడ్ దగ్గర ఆ నంబరు మీది తుప్పుని డీజిల్ గుడ్డతో నానబెట్టి తుడువు, గ్రైండర్ పట్టకు, ఒక్క అంకె చెదిరినా పని ఆగిపోతుంది.