క్లాష్ రిపోర్ట్‌లో వేలకి వేలు వస్తున్నాయి, ఎక్కడ మొదలెట్టాలి?

కొత్త కోఆర్డినేటర్:
హాస్పిటల్ ప్రాజెక్ట్ అండి. స్ట్రక్చర్, ఆర్కిటెక్చర్, ఎంఈపీ (ఏసీ, కరెంటు, ప్లంబింగ్) 3డీ మోడల్స్ నేవిస్‌వర్క్స్ సాఫ్ట్‌వేర్‌లో కలిపి క్లాష్ డిటెక్టివ్ (ఏది దేనికి తగులుతోందో వెతికే టూల్) రన్ చేస్తే క్లాష్‌లు వేలల్లో వస్తున్నాయి. సగం చూస్తే పైపు గోడలోంచి పోతోందని చూపిస్తోంది, అది ఎలాగూ పోవాల్సిందే కదా. మా మేనేజరేమో జీరో చేసి తీసుకురా అంటాడు. మీరంతా ఎలా చేస్తున్నారు?

మోడల్ మేస్త్రి:
ముందు అన్ని మోడల్స్ ఒకే కోఆర్డినేట్స్‌లో ఉన్నాయో లేదో చూడండి, ఒక్కటి కొంచెం పక్కకి జరిగినా ఊరికే వందలు పుట్టుకొస్తాయి. తర్వాత అన్నిటినీ అన్నిటితో రన్ చెయ్యొద్దు బాబూ. సెర్చ్ సెట్స్ (ఒకే రకం వస్తువుల్ని వెతికి పట్టే లిస్టులు) చేసుకుని డక్ట్ (ఏసీ గాలి గొట్టం) వర్సెస్ బీమ్, డ్రైన్ వర్సెస్ డక్ట్ ఇలా జంటలుగా పెట్టుకోండి, చిన్న పైపులు వర్సెస్ పార్టిషన్ గోడలు ఇప్పుడు వదిలేయండి. ఒకే డక్ట్ వరసగా బీములన్నిటికీ తగిలితే అది ఒక్క సమస్యే, గ్రూప్ చేసేయండి. లిస్టు సగానికి పైగా అక్కడే పడిపోతుంది.

సైట్ వాడు:
పైది కరెక్టే కానీ అసలు గొడవ ఎవరు జరగాలి అనే దగ్గరే. నేను ఎప్పుడూ డ్రైన్ లైన్‌నే ముందు ఫిక్స్ చేస్తా, ఎందుకంటే అది వాలు మీద నడవాలి, 100కి 1 వాలు అంటే 20 మీటర్లలో 200 మిల్లీమీటర్లు దిగిపోతుంది, దాన్ని మధ్యలో పైకి లేపి మళ్ళీ దించడం కుదరదు. తర్వాత పెద్ద డక్ట్‌లు, తర్వాత చిల్డ్ వాటర్ (ఏసీకి చల్లటి నీళ్ళు తెచ్చే పైపులు), కేబుల్ ట్రే, కండ్యూట్ (వైర్లు పోయే గొట్టం) ఆఖర్న, అది ఎటైనా వంగుతుంది. బీమ్‌లోంచి పోక తప్పదంటే కాంక్రీట్ పోయకముందే స్ట్రక్చర్ వాళ్ళతో మాట్లాడి స్లీవ్ (పైపు పోవడానికి ముందే వదిలే గొట్టం) పెట్టించండి. పోస్ట్ టెన్షన్ స్లాబ్ (లోపల స్టీల్ తీగలు బిగించి లాగిన స్లాబ్) అయితే మరీ జాగ్రత్త, తర్వాత కోర్ కొడితే, అంటే డ్రిల్‌తో రంధ్రం వేస్తే, టెండన్ (ఆ బిగించిన తీగ) తెగే ప్రమాదం ఉంది.

ఇన్సులేషన్ బాధితుడు:
జీరో అనే మాట నమ్మొద్దు. మోడల్‌లో గీయనిది క్లాష్ అవ్వదు. 150 మిల్లీమీటర్ల చిల్డ్ వాటర్ పైపుకి బయటి కొలత 168, చుట్టూ 50 ఇన్సులేషన్ వేస్తే 268. మోడల్‌లో ఇన్సులేషన్ లేదు, పక్కన ట్రేకి 30 గ్యాప్ ఉంది కాబట్టి రిపోర్ట్ క్లీన్, సైట్‌లో ఇన్సులేషన్ కుర్రాడికి చెయ్యే దూరలేదు. హ్యాంగర్లదీ (పైపుల్ని వేలాడదీసే సపోర్టులు) ఇదే కథ. అందుకే హార్డ్ టెస్ట్‌తో (నేరుగా తగిలేవి చూసేది) పాటు క్లియరెన్స్ టెస్ట్ (మధ్యలో తగినంత ఖాళీ ఉందా అని చూసేది) కూడా పెట్టండి, వాల్వులు, ఫైర్ డ్యాంపర్ల (మంటలొస్తే డక్ట్‌ని మూసే తలుపులు) ముందు మనిషి పని చేసే చోటుని ఒక బాక్స్‌లా మోడల్ చేసి దాన్నీ టెస్ట్‌లో పడేయండి. ఇంకోటి, నంబర్ తగ్గించడానికి అన్నిటికీ అప్రూవ్డ్ (ఫర్లేదు, వదిలేయొచ్చు) స్టేటస్ కొట్టేసేవాళ్ళు ఉంటారు, ఎవరు ఎందుకు కొట్టారో కామెంట్ లేకపోతే ఒప్పుకోవద్దు.

కొత్త కోఆర్డినేటర్:
థాంక్స్ అండి. మా ఎంఈపీ మోడల్‌లో ఇన్సులేషన్ అస్సలు లేదు, ఇప్పుడే చూశా 😅 మోడల్ గీసే రివిట్ సాఫ్ట్‌వేర్‌లో ఎంఈపీ వాళ్ళ చేత పెట్టించాక కారిడార్ సీలింగ్ నుంచి మొదలెడతా. ఇష్యూలు వాళ్ళకి పంపడానికి పీడీఎఫ్ బెటరా, బీసీఎఫ్ (మోడల్ ఇష్యూలు పంపుకునే ఫైల్ ఫార్మాట్) బెటరా?

మోడల్ మేస్త్రి:
బీసీఎఫ్. తెరవగానే అదే వ్యూ, అదే ఎలిమెంట్ దగ్గరకి తీసుకెళ్తుంది. పీడీఎఫ్ పంపితే ఏ ఫ్లోర్, ఏ గ్రిడ్ అని మళ్ళీ మీకే ఫోన్ వస్తుంది.