అప్‌డేట్: z=2.5 దుమ్ము గెలాక్సీలో వాయు ద్రవ్యరాశి ఎందుకు తేడా వచ్చిందో తేలింది

z=2.5 (రెడ్‌షిఫ్ట్, అంటే కాంతి తరంగదైర్ఘ్యం మనల్ని చేరేసరికి 3.5 రెట్లు సాగింది) దగ్గరున్న గెలాక్సీలో, కార్బన్ మోనాక్సైడ్ 3–2 రేఖ (అణువు భ్రమణ స్థాయి 3 నుంచి 2కి దిగినప్పుడు వచ్చే కాంతి) నుంచి లెక్కిస్తే, దుమ్ము కాంతి నుంచి లెక్కించిన దానితో పోల్చినప్పుడు వాయువు బాగా తక్కువ ఎందుకు వస్తోందని ఇంతకుముందు అడిగాను. రెండు వైపులా పొరపాట్లున్నాయి.

మొదటిది, 3–2 రేఖ ప్రకాశాన్ని 1–0 ప్రకాశంగా వాడేశాను. ఆ రేఖ 98.8 గిగాహెర్ట్జ్ దగ్గర కనిపిస్తుంది. 1 జాన్స్కీ·కిమీ/సె ఫ్లక్స్‌కు (మనకు చేరే రేఖ కాంతికి) L′, అంటే రేఖ ప్రకాశం, సుమారు 3.23×10¹⁰ K·కిమీ/సె·పార్సెక్² (విశ్వ నమూనా విలువలు H₀=70, Ωₘ=0.3 తీసుకుంటే). 1–0 ప్రకాశం కావాలంటే దీన్ని r₃₁తో (3–2, 1–0 రేఖల L′ నిష్పత్తి; 0.6 అనుకుందాం) భాగించాలి: 5.4×10¹⁰. ఇక్కడ 9తో భాగించకండి. ఆ 9 ఫ్లక్స్‌ల నిష్పత్తిది, L′లది కాదు.

అసలు చిక్కు αతోనే, అంటే 1–0 ప్రకాశాన్ని వాయు ద్రవ్యరాశిగా మార్చే గుణకంతోనే. 0.8 తీసుకుంటే వాయువు 4.3×10¹⁰ సూర్య ద్రవ్యరాశులు, 4.36 అయితే 2.35×10¹¹. ఏడాదికి 500 సూర్యుల చొప్పున నక్షత్రాలు పుడుతుంటే, ఆ నిల్వ మొదటి లెక్కన దాదాపు 9 కోట్ల ఏళ్లకు, రెండో లెక్కన 47 కోట్ల ఏళ్లకు సరిపోతుంది. అంటే కథే మారిపోతుంది! అందుకే ఏ α వాడారో ప్రతి పట్టికలోనూ రాయాలి. 4.36లో హీలియం కలిసే ఉంది, మళ్లీ 1.36తో గుణించకూడదు.

దుమ్ము వైపు: మనం 850 మైక్రాన్లలో చూసిన కాంతి ఆ గెలాక్సీలో బయల్దేరినప్పుడు 243 మైక్రాన్లదే. రేలీ–జీన్స్ సూత్రం (పొడవైన తరంగాలకు వాడే, ఉష్ణ కాంతి సులువు లెక్క) అక్కడ సరిగా పనిచేయదు, ఉష్ణోగ్రత ఊహ ఫలితాన్ని బలంగా లాగేస్తుంది. 3 మిల్లీమీటర్ల కాంటినమ్ (రేఖలు కాకుండా దుమ్ము ఇచ్చే నిరంతర కాంతి) ఇంతకంటే నమ్మదగింది. సిగ్నల్ మాత్రం బలహీనం, నాయిస్‌ను జాగ్రత్తగా కొలవాలి.