పక్క వీధి మలుపులో ఎత్తు చేసిన సైకిల్ దారి: వాన నీరు ఎటు పంపాలి?

మెయిన్ రోడ్డు పక్కన 2 మీటర్ల సైకిల్ ట్రాక్, దాన్ని ఆనుకుని ఫుట్‌పాత్. పక్క వీధి కలిసే చోట రెండింటినీ కిందికి దించకుండా 100 మి.మీ. ఎత్తులోనే కొనసాగించాలి. అప్పుడు ర్యాంప్ ఎక్కాల్సింది బండ్లే, వేగం తగ్గుతుంది. వీల్‌చైర్‌కు మెట్టు అడ్డు రాదు. ఇది వదులుకోలేం.

చిక్కల్లా నీటితోనే. వీధి వాలు మెయిన్ రోడ్డు వైపే, కాబట్టి ఈ ఎత్తు ఆనకట్టలా అడ్డుపడుతుంది. ఎగువన జాలీ గుంటలు పెడితే ఆకులు, కవర్లతో మూసుకుపోతాయి. అంచు వెంట కాలువ వదిలి జాలీ కప్పాలంటే, కడ్డీలు సైకిల్ వెళ్లే దిశకు అడ్డంగా ఉండాలి. లేదంటే సన్న టైరు ఇరుక్కుంటుంది. లారీ చక్రం పడితే వంగకూడదు కూడా.

జాలీ కాలువ మేలా, లేక అడుగున 300 మి.మీ. పైపు వేసి రెండు కొసలా పూడిక తీసే గుంటలు కట్టడం మేలా? ఇలాంటివి కట్టించి, ఒకటి రెండు వానాకాలాలు గమనించినవాళ్లు దయచేసి చెప్పండి.